ఆర్టికల్ దొర పుట్టిన సంవత్సరం

9 జనవరి 1956, సోమవారం

ఈరోజు ఒక అబద్ధం చెప్పాను. చిన్నదే. రాసిపెట్టుకుంటే మనసులోంచి పోతుందేమోనని రాస్తున్నాను.

మూడో పీరియడు నాలుగో ఫారం వాళ్ళకు ఇంగ్లీషు. ఎ, యాన్, ది చెబుతున్నాను. ఏనుగు ముందు యాన్, ఒంటె ముందు ఎ. ముప్ఫై ఒక్కమంది ఆడపిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. బాగానే సాగుతోంది. అప్పుడు వెనక బెంచీలోంచి హులిగమ్మ లేచింది. జిన్నింగు మిల్లులో పత్తి ఏరే బసమ్మ కూతురు. ఈ పిల్ల లేచిందంటే నాకు గుండె దడ.

"టీచరమ్మా, ఈ మూడింటికీ ఆర్టికల్ అని పేరు ఎవురు పెట్టినారు?"

నాకు తెలియదు. ట్రెయినింగులో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రేపు చెబుతానని కూర్చోబెట్టి ఉంటే అయిపోయేది. కానీ సరిగ్గా అప్పుడే వరండాలో హెడ్మిస్ట్రెస్ కన్యకమ్మగారి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ వింటూండగా తెలియదని ఎలా అంటాను? బి.ఏ. చదివిన టీచర్ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే, ఉత్త ట్రెయినింగు మాత్రమే ఉన్న నన్ను ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చోబెట్టారు. ఎవరైనా వేలెత్తి చూపితే లేచి వెళ్ళిపోవలసిన కుర్చీ అది.

బోర్డు మీద పైమూలన సైన్సు టీచర్ రాసిన శాస్త్రవేత్తల పేర్లు చెరపకుండా ఉన్నాయి. వాటిని చూస్తూ అనేశాను. "డాక్టర్ ఆర్టికల్ అని ఒక దొర. ఇంగ్లండులో పెద్ద పండితుడు. వీటిని ఆయనే కనిపెట్టాడు. అందుకని ఆయన పేరు పెట్టారు."

ముందు బెంచీ ఉమాదేవి, పత్తి సావుకారు గారి అమ్మాయి, కలం ఎత్తి "ఏ సంవత్సరం టీచర్?" అంది.

"పదిహేడు వందల నలభై రెండు," అన్నాను. ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ సంవత్సరం!

ముప్ఫై ఒక్కమందీ రాసుకున్నారు. చెప్పుల చప్పుడు ముందుకు సాగిపోయింది.

10 జనవరి, మంగళవారం

ఎవరూ ఏమీ అడగలేదు. మరిచిపోయారు. పిల్లలు ఇలాంటివి గుర్తు పెట్టుకోరు.

13 జనవరి, శుక్రవారం

హులిగమ్మ మళ్ళీ లేచింది.

"టీచరమ్మా, ఆయప్ప కనిపెట్టకముందు ఇంగ్లీషోళ్ళు ఎట్లా మాట్లాడుతాండ్రి?"

క్లాసంతా నవ్వింది.  నవ్వింది పిల్లను చూసా, నన్ను చూసా అన్నది తేల్చుకోలేకపోయాను. "అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయకు, నిలబడు," అని గద్దించాను. పీరియడు అయ్యేదాకా నిలబెట్టాను. ఆ పిల్ల నిలబడే నోట్సు రాసుకుంది, చేతి మీద పుస్తకం ఆనించుకుని.

మంచి ప్రశ్న. అదే నా బాధ.

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరు మిషన్ బడిలో నేనూ ఇలాగే అడిగేదాన్ని. ఇశ్రాయేలు సార్ ఒక్కసారి కూడా నిలబెట్టలేదు.

18 జనవరి, బుధవారం

కొంప మునిగింది.

ఫిబ్రవరి రెండో తేదీ కర్నూలు నుంచి ఇన్‌స్పెక్ట్రెస్ వస్తున్నారు. ఆవిడ చూసి సరేనని రాస్తేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే మార్చితో సరి. ఈ సంగతి నాకు జూన్ నుంచీ తెలుసు. భయం దానికి కాదు.

ఇన్‌స్పెక్షన్ అంటే మా బడిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి సబ్జెక్టులోనూ నాలుగు ప్రశ్నలు, జవాబులు ముందే ఎంచి పిల్లలకు బట్టీ పట్టిస్తారు. ఆ రోజు అవే అడుగుతాం, వాళ్ళు అవే చెబుతారు. అన్ని బళ్ళలోనూ ఇంతేనట. కన్యకమ్మగారు నా ప్రశ్నలు ఎంచడానికి ఉమాదేవి నోట్సు తెప్పించుకున్నారు. సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, ముఖమంతా నవ్వుతో కూర్చుని ఉన్నారు.

"ఏం మేరీ, ఈ డాక్టర్ ఆర్టికల్ సంగతి నాకు ముందే చెప్పల్ల గదా! పదేండ్లుగా ఈ బడి నడుపుతాండా, ఎవురూ చెప్పల్యా. మామూలు ప్రశ్నలు అన్ని బళ్ళల్లోనూ ఉంటాయి. ఆయమ్మ మెచ్చేది ఇట్లాంటిదే. ఉమాదేవితో చెప్పిద్దాము."

నోరు తెరిచాను. "అది... అంత ముఖ్యం కాదేమో మేడం," అన్నాను.

"నీకు తెలీదు, ఊరుకో," అన్నారు ఆవిడ.

నాకు తెలియదన్నది నిజమే. మొత్తం గొడవంతా అక్కడే ఉంది.

19 జనవరి

నిద్ర లేదు. అన్నం సయించలేదు. "జొరమా ఏమి?" అని ఇంటావిడ హుసేనమ్మ నుదురు పట్టుకుని చూసింది. జ్వరమైతే బాగుండును, ఫిబ్రవరి రెండు దాకా ఉంటే ఇంకా బాగుండును.

అసలు అలాంటి దొర ఉండి ఉండకూడదా? ఇంగ్లండు పెద్ద దేశం. ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు.

22 జనవరి, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్ళాను. ఇశ్రాయేలు సార్ దగ్గర ఒక పెద్ద డిక్షనరీ ఉంది. తెల్లదొర ఒకాయన దేశం వదిలిపోతూ ఇచ్చిందట. ఆ దొర మాత్రం నిజంగా ఉన్నవాడే.

సార్‌కి చూపు బాగా తగ్గింది. చర్చి నుంచి అప్పుడే వచ్చి మగ్గాల వీధి వైపు అరుగు మీద కూర్చున్నారు. గొంతు వినగానే గుర్తుపట్టారు.

"ఏమ్మే మేరీ, అయ్యవారమ్మవి అయిపోయినావంట! నందవరం నుంచి మీ నాయన వచ్చి చెప్పిపోయినాడు. ఇప్పుడు కూలికి పోవడంల్యా, నా బిడ్డ చూసుకుంటాంది అని ఊరంతా చెప్తాన్నాడు."

అది విని నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఈ ఉద్యోగం పోతే నేను వెళ్ళి నాయన పక్కన వేరుశనక్కాయలు పీకాలి. ఆయన మోకాళ్ళు ఇంక వంగవు.

డిక్షనరీ తెచ్చి ఆయన ముందు పెట్టి, ఆయన చెప్పిన చోట చిన్నక్షరాలు చదివాను. ఆర్టికల్ అనేది మనిషి పేరు కానే కాదు. లాటిన్ మాట. ఆర్టికులుస్. అర్థం, చిన్న కీలు.

సార్ తన వేలు మడిచి చూపించారు. "ఇదిగో, ఈ కణుపు. రెండు ఎముకలు కలిసే చోటు. ముందు పేరు పెట్టింది గ్రీకులు. వాళ్ళు ఆర్థ్రాన్ అన్నారు, అదీ కీలే. మాటకూ మాటకూ నడుమ కదిలే చిన్న కీలు మాదిరి ఉందని. ఇంకో తమాషా విను. రోమువాళ్ళ లాటిన్‌లో ఈ ఎ, యాన్, ది లాంటివి లేనేలేవు, మన తెలుగులో లేనట్టే. అయినా గ్రీకులను చూసి ఆ పేరు తమ మాటలోకి తిప్పుకొని పెట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషోళ్ళకు ఆ పేరు పనికొచ్చింది."

"మరి ఎ, యాన్ ఎవరు కనిపెట్టారు సార్?"

"కనిపెట్టేదేముంది? యాన్ అంటే పాత ఇంగ్లీషులో ఒకటి అని. వన్ అన్నా అదే మాట. వాడి వాడి అరిగి యాన్ అయింది, ఇంకా అరిగి ఎ అయింది. ది అనేది అది, ఇది అని చూపించే మాటలోంచి వచ్చింది. మొన్న మన రాజ్యాంగంలో ఆర్టికల్ ఇన్ని, ఆర్టికల్ అన్ని అని రాసినారు చూడు, అదీ ఈ మాటే. పెద్ద ఒంటికి చిన్న చిన్న కీళ్ళు."

ఎంత బాగుంది! ఒక్క క్షణం భయం మరిచిపోయి నా వేళ్ళు నేనే మడిచి చూసుకున్నాను. ఎవరో దొర ఒక్కడు కూర్చుని కనిపెట్టిన దానికంటే వెయ్యిరెట్లు బాగుంది. హులిగమ్మ అడిగింది కదా, ముందు ఎట్లా మాట్లాడేవాళ్ళని. దానికి జవాబు ఇందులోనే ఉంది. ఒకటి, ఒకటి అంటూ మాట్లాడేవాళ్ళు.

"ఎందుకు అడుగుతాండావు?" అన్నారు సార్.

"క్లాసులో ఒక పిల్ల అడిగింది."

"నువ్వేం చెప్తివి?"

"తెలుసుకుని చెబుతానన్నాను సార్."

"మంచిపని చేస్తివి. తెలీకపోతే తెలీదనల్ల. నేను నేర్పింది ఊరికే పోలేదు," అని నా తల మీద చెయ్యి పెట్టారు.

ఆ చెయ్యి ఇంకా నా నెత్తి మీదే ఉన్నట్టుంది. బస్సులో వస్తూ ఎన్ని అబద్ధాలయ్యాయో లెక్కపెట్టాను. మూడు.

23 జనవరి, సోమవారం

నిజం చెప్పేద్దామని హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళాను. గోడకు పెద్ద చార్టు ఆనించి ఉంది. డ్రాయింగు టీచర్ చేత టోపీ పెట్టుకున్న ఒక దొర బొమ్మ వేయించారు. కింద డాక్టర్ ఆర్టికల్, 1742 అని రంగులతో రాయించారు.

గడ్డం కూడా ఉంది.

"ఎట్లుంది?" అన్నారు కన్యకమ్మగారు.

"బాగుంది మేడం," అన్నాను.

25 జనవరి

రేపు చెబుతాను.

26 జనవరి

సెలవు. జెండా ఎగరేశాం. చెప్పడానికి వీలు పడలేదు.

28 జనవరి, శనివారం

ఇన్‌స్పెక్షన్ రోజున ఇంటి దగ్గర ఉండిపోవలసిన పిల్లల జాబితా ఇచ్చారు. ఇదీ పద్ధతే. చదువు రానివాళ్ళు, నత్తివాళ్ళు, చిరుగు బట్టల వాళ్ళు ఆ ఒక్కరోజు రారు. క్లాసు కళకళలాడుతుందట. నాలుగో ఫారం నుంచి ముగ్గురు. మొదటి పేరు హులిగమ్మ.

"ఆ పిల్ల బాగా చదువుతుంది మేడం," అన్నాను.

"చదువుతాది, కాదన్ల్యా. ఆయమ్మ ముందర లేచి ఇంకేమన్నా అడిగితే? నీకే తంటా. పైగా ఆ పావడా చూడు, రెండు చోట్ల అతుకు. బడికి గ్రాంటు రావల్ల మేరీ, నాకూ పైన అడిగేవాళ్ళున్నారు." ఆ మాట అంటూ ఆవిడ తలుపు బయటికి ఒకసారి చూశారు. ఈ బడిలో భయం లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో.

నాకు ఏమనిపించిందో ఇక్కడైనా నిజం రాయాలి. ప్రాణం లేచివచ్చింది. ఆ పిల్ల ఉండదు, ఆ ప్రశ్న ఉండదు.

ఒక్కరోజే కదా. హులిగమ్మకూ మంచిదే. అంత పెద్దవాళ్ళ ముందు అతుకుల పావడాతో నిలబడి సిగ్గుపడటం కంటే ఇంట్లో హాయిగా ఉంటుంది.

1 ఫిబ్రవరి, బుధవారం

బడి వదిలాక హులిగమ్మను ఆపి చెప్పాను. రేపు పెద్దవాళ్ళు వస్తారు, నువ్వు ఇంటి దగ్గర ఉండు అని.

"అందురూనా టీచరమ్మా?"

"కొందరు."

కాళ్ళవైపు చూసుకుంది. "సరే టీచరమ్మా," అని వెళ్ళిపోయింది. ఏమీ అడగలేదు. మొదటిసారి ఏమీ అడగలేదు.

2 ఫిబ్రవరి, గురువారం

అయిపోయింది. 

ఇన్‌స్పెక్ట్రెస్ జీపులో వచ్చి దిగారు. తెల్లచీర, పెద్ద గడియారం. మూడో పీరియడు నా క్లాసుకు వచ్చి వెనక బెంచీలో, సరిగ్గా హులిగమ్మ చోటులో కూర్చున్నారు. నేను ప్రశ్న అడిగాను. ఉమాదేవి లేచి చిలకలా చెప్పింది. డాక్టర్ ఆర్టికల్ ఇంగ్లండు దేశపు పండితుడు, 1742వ సంవత్సరంలో...

ఆవిడ ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు లేస్తారు అని ఎదురుచూస్తున్నాను. 

ఇన్‌స్పెక్ట్రెస్ నవ్వలేదు. చేతిసంచీలోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు!

"ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకే తెలియదు సుమా. ఏ పుస్తకంలో ఉందమ్మా?"

"ఇప్పుడు... గుర్తు రావడం లేదు మేడం."

"చూసి రాసి పంపండి. టీచర్ల మీటింగులో చెప్పాల్సిన సంగతి." ఉమాదేవికి కొత్త పెన్సిలు బహుమతి ఇచ్చారు. నన్ను చూసి తల ఊపారు.

పట్టుబడితే ఒక్కసారి చచ్చేదాన్ని. మెచ్చుకున్నారు, ఇంక రోజూ చావాలి.

3 ఫిబ్రవరి

హులిగమ్మ రాలేదు.

6 ఫిబ్రవరి

రాలేదు. జ్వరం అయి ఉంటుంది. చలికాలం.

8 ఫిబ్రవరి

మిగతా ఇద్దరూ మూడో తేదీనే వచ్చేశారు. ఈ పిల్ల రాలేదు. జ్వరమే.

11 ఫిబ్రవరి, శనివారం

ఉమాదేవి చెప్పింది. "టీచర్, హులిగమ్మ మా మిల్లులో పత్తి ఏరుతాంది. నేను జీపులో పోతావుంటే చూసినా. పిలిస్తే తల తిప్పుకునింది."

12 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి నేరుగా మిల్లు వెనక కూలీల వరుస ఇళ్ళకు వెళ్ళాను. బసమ్మ నన్ను చూసి గబగబా చాప పరిచింది. పోట్లాడుతుందని గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. ఆవిడ చేతులు జోడించింది.

"మీకు పుణ్యముంటాది టీచరమ్మా. నలుగురిలో అనకుండా మెల్లిగా సెప్పి పంపిస్తిరి."

"నేనేం చెప్పాను బసమ్మా?"

"మాకు తెల్దా? సావుకారు మిల్లు సూడనీకి వచ్చే దినం మేస్త్రీ కొందుర్ని ఇంటికాడ ఉండమంటాడు. ఉండమన్నోళ్ళకు మళ్ళీ పని ల్యా. తెల్లారి పోతే గేటుకాన్నే తిప్పి పంపుతారు. ఇరవై ఏండ్లుగా సూస్తాండా. బడి సూడనీకి పెద్దమ్మ వచ్చే దినం దీన్ని ఉండమంటిరి. ఇంగ గేటుకాడ అవమానమెందుకని నేనే పంపించల్యా. మూడోనాడు నా ఎంబడే తోడుకపోయినా."

 ఈ ఊళ్ళో పత్తి ఏరే ఏ తల్లయినా అలాగే అనుకుంటుంది. ఏటా నాలుగు నెలలు పత్తి ఏరిన మా అమ్మయితే అలాగే అనుకునేది. నాకెందుకు తట్టలేదు?

హులిగమ్మ గడపలో నిలబడి ఉంది. "నేను ఆ దొర సంగతి అడిగినందుకేనా టీచరమ్మా?"

"అడిగేదానికి పోయి చదువు పోగొట్టుకున్యావు అని నేనూ రెండు పీకినా," అంది బసమ్మ. "ఈ వరసలో అందురికీ తెల్సిపోయింది. బసమ్మ కూతుర్ని బడిలోంచి తరిమినారంట, ఏం తప్పు సేసిందో ఏమో అని."

"అది మిల్లు, ఇది బడి. నీ కూతురు ఏ తప్పూ చేయలేదు. రేపు పంపించు," అన్నాను.

బసమ్మ నన్ను నిదానంగా చూసింది. "తప్పు సేసింటే సెప్పండి, దిద్దుకుంటాది. సేయకుంటే ఎందుకు ఉండమంటిరి? అది సెప్పండి, పంపిస్తా."

న్యాయమైన మాట. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన జవాబు. "హెడ్మిస్ట్రెస్ గారిని అడిగి వస్తాను," అని లేచి వచ్చేశాను. వీధి మలుపు దాకా పరుగులాంటి నడక.

13 ఫిబ్రవరి, సోమవారం

కర్నూలు నుంచి కాగితం వచ్చింది. నా పని తృప్తికరంగా ఉందట. ఉద్యోగం ఖాయం చేయమని సిఫార్సు. ఏడుపొచ్చింది. స్టాఫ్ రూములో ఎప్పుడూ నన్ను తాకకుండా, కుండలో నీళ్ళు ముంచి దూరంగా పైనుంచి నా దోసిట్లో పోసే టీచర్ కూడా ఈరోజు నా చెయ్యి పట్టుకుని అభినందించింది.

కాగితం అడుగున రెండు వాక్యాలు. డాక్టర్ ఆర్టికల్ గురించిన పుస్తకం పేరు వెంటనే పంపవలెను. మార్చి మొదటివారం జిల్లా టీచర్ల సభలో చదివి వినిపించెదము.

జిల్లాలో ఎంతమంది టీచర్లు, ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు! లెక్క వేయబోయి మానేశాను.

15 ఫిబ్రవరి

హులిగమ్మ సంగతి కదిలించాను. "ఖాయమైనాక ఇంకెందుకు కెలుకుతావు మేరీ? ఆ పిల్ల ఎట్లాగూ రేపోమాపో మిల్లుకు పోయేదే," అన్నారు కన్యకమ్మగారు. కరెక్టే అనుకున్నాను. సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను.

నేనూ అలా పోవలసినదాన్నే. ఇశ్రాయేలు సార్ మా నాయన కాళ్ళా వేళ్ళా పడి ఆపారు.

17 ఫిబ్రవరి, శుక్రవారం

పదిహేను రోజులు రాకపోతే హాజరు పట్టీలో పేరు కొట్టేయాలి. కన్యకమ్మగారు ఎర్రసిరా పెన్ను ఇచ్చి పంపారు. హులిగమ్మ పేరు పదకొండోది. గీత మొదలుపెట్టబోయాను. చెయ్యి రాలేదు. సిరా అయిపోయింది, రేపు కొడతానని చెప్పాను. పెన్ను నిండా సిరా ఉంది.

ఇంటికి వచ్చి పొయ్యి కూడా ముట్టించకుండా ఇన్‌స్పెక్ట్రెస్ గారికి ఉత్తరం రాశాను. మూడు సార్లు చింపాను. నాలుగోది కవరులో పెట్టాను.  నాయన మొహమే కళ్ళముందు ఆడుతోంది.

18 ఫిబ్రవరి, శనివారం

బడికి వెళ్ళే ముందే ఉత్తరం పోస్టుడబ్బాలో వేశాను. బడికి వెళ్ళాక అయితే వేయను, నా సంగతి నాకు తెలుసు.

క్లాసులో చెప్పాను. "డాక్టర్ ఆర్టికల్ అనే మనిషి లేడు. హులిగమ్మ అడిగినప్పుడు నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి భయపడి అబద్ధం చెప్పాను. నోట్సులో అది కొట్టేయండి."

 తర్వాత అసలు సంగతి చెప్పాను. గ్రీకులు, రోమువాళ్ళు, చిన్న కీలు, ఒకటి అనే మాట అరిగిపోవడం. కొంతమంది వేళ్ళు మడిచి చూసుకున్నారు. ఉమాదేవి ముఖం ఎర్రబడింది.

"మరి నాకిచ్చిన పెన్సిలు టీచర్?"

"అది నీదే. నేను చెప్పింది నువ్వు చెప్పావు."

"నాకొద్దు," అని తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది.

మధ్యాహ్నానికి కన్యకమ్మగారి దాకా పోయింది. గది తలుపు వేసి అడిగారు. "ఆయమ్మకు ఉత్తరం రాసినావా? పోస్టు చేసినావా?"

"పొద్దున్నే చేశాను మేడం."

"ముందు నాతో చెప్పింటే చింపేసేదాన్ని."

"అందుకనే చెప్పలేదు."

ఆవిడ లేచారు. చార్టును గోడవైపు తిప్పిపెట్టారు.  "పదేండ్ల బడి పేరు. నేను ఆయమ్మకు ముఖం ఎట్లా చూపించల్ల? మార్చి ఆఖరుదాకా చెప్పు. ఆపైన నేనేమీ చేయలేను మేరీ."

"హాజరు పట్టీలో హులిగమ్మ పేరు?"

"ఇప్పుడు కూడా దాని పేరేనా!" అన్నారు. ఆ తర్వాత, నన్ను చూడకుండానే, "సోమవారం వస్తే ఉంటాది. రాకపోతే కొట్టేస్తా," అన్నారు.

19 ఫిబ్రవరి, ఆదివారం

ఉద్యోగం పోయిందని రాయడానికి నిన్న చెయ్యి రాలేదు. ఈరోజు రాస్తున్నాను. పోయింది. నాయనకు ఎలా చెప్పాలో తెలియదు. పడుకున్నా, కూర్చున్నా ఆ భయమే.

అయినా బసమ్మ ఇంటికి వెళ్ళాను. ఈసారి చాప మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"బసమ్మా, నీ కూతురు ఒక ప్రశ్న అడిగింది. నాకు జవాబు తెలియక అబద్ధం చెప్పాను. పెద్దవాళ్ళ ముందు మళ్ళీ అడిగితే నా అబద్ధం బయటపడుతుందని భయపడి, ఆ రోజు రావద్దన్నప్పుడు ఊరుకున్నాను. తప్పు నాది. దాని తప్పు ఏమీ లేదు."

బసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను.

"అంటే మా పిల్ల సరిగ్గానే అడిగింది."

"సరిగ్గానే అడిగింది."

"ఇదో, రెండునిమిషాలు ఉండండి," అని చేట పక్కన పెట్టి లేచి వీధిలోకి వెళ్ళింది. "వోయ్ హనుమంతమ్మా! రాండే, అందురూ రాండి! టీచరమ్మ ఏందో సెప్తాది, ఇనండి!"

ఆదివారం కాబట్టి మిల్లు లేదు. అందరూ ఇళ్ళ దగ్గరే ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చారు. తడి చేతులు తుడుచుకుంటూ కొందరు, పిల్లల్ని చంకనేసుకుని కొందరు. పది పన్నెండు మంది వాకిట్లో నిలబడ్డారు. 

"ఇంగోతూరి సెప్పండి టీచరమ్మా. గట్టిగా. ఆ మూల ముసలామెకు సరిగ్గా వినపడదు," అంది బసమ్మ.

చెప్పాను. గట్టిగానే చెప్పాను. హులిగమ్మ సరిగ్గా అడిగింది, టీచర్‌కి తెలియలేదు, టీచర్ అబద్ధం ఆడింది అని. ఆ ముసలావిడ పక్కనామెను అడిగి మళ్ళీ చెప్పించుకుంది. ఎవరూ నవ్వలేదు. "తెల్వకపోతే తెల్వదనల్ల గదమ్మా," అంది ఒకామె, అంతే.

హులిగమ్మ గడపలోనే ఉంది. నేను వెళ్ళి దాని పక్కన కూర్చుని, దాని చూపుడువేలు పట్టుకుని కణుపు దగ్గర మడిచి, ఇశ్రాయేలు సార్ చెప్పిందంతా చెప్పాను. మొదటినుంచి చివరిదాకా వింది. విని, "మరి ఆ గ్రీకోళ్ళకు ఎవురు చెప్పినారు టీచరమ్మా?" అంది.

"నాకు తెలియదు హులిగమ్మా," అన్నాను.

బసమ్మ వచ్చి కూతురి వెనక కూర్చుంది. జుట్టు ముడి విప్పింది. తల నిండా దూది పింజలు. ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది.

"ఆడుకునేదానికి ఎక్కడికీ పోవద్దు, ఈన్నే కూసో," అంది. "రేపు బడికి పోవల్ల. ఇట్లా పోతే నగుతారు."

దూదంతా ఏరేదాకా నేనూ అక్కడే కూర్చున్నాను.